అమ్మ మతిమరుపు, బ్రెయిన్ ట్రైనింగ్ యాప్: డబ్బు ఎక్కడ పెట్టాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 66 ఏళ్లు. హైస్కూల్లో హిందీ టీచరుగా రిటైరై తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. ఏడాదిగా మనుషుల పేర్లు తట్టడం లేదు, ఫోన్లో చెప్పిందే మళ్లీ చెబుతున్నారు, టీవీ సౌండు బాగా పెంచుకుంటున్నారు. బీపీ మాత్ర వాడతారు. మీరు హైదరాబాద్ నుంచి ఆవిడకు బ్రెయిన్ ట్రైనింగ్ యాప్ ఏడాది చందా కట్టి, జ్ఞాపకశక్తికని అమ్మే జింకో (ఒక చెట్టు ఆకుల సారం) క్యాప్సూల్స్ పంపుదామనుకుంటున్నారు. మెదడును పదును పెట్టడం, కాపాడుకోవడం మీద పరిశోధనలు అసలు ఏం తేల్చాయని అడిగారు.

నేను డాక్టరును కాను. మెమరీ క్లినిక్‌లో జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే న్యూరోసైకాలజిస్టుగా చాలా ఏళ్లు పనిచేశాను. నా జవాబు ముందే చెప్పేస్తాను: చందా కట్టకండి. ఆ డబ్బుతో చెవి పరీక్ష చేయించి, ఇంట్లోకి ఒక బీపీ మిషను కొనండి. మీ ప్రశ్నలో మీరు మాటవరసకు రాసి దాటేసిన రెండు విషయాలే, టీవీ సౌండు, బీపీ మాత్ర, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించాయి.

యాప్ సంగతి మొదట. ఈ విషయం మీద వృద్ధులతో జరిగిన ప్రయోగాల్లో బాగా పెద్దది అమెరికాలో జరిగిన 'యాక్టివ్'. 65 దాటిన 2,832 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు జ్ఞాపకశక్తి మెళకువలు, ఇంకో గుంపుకు తర్కం, మూడో గుంపుకు చూసింది చప్పున పట్టుకునే వేగం నేర్పారు. నాలుగో గుంపుకు ఏమీ నేర్పలేదు. తర్ఫీదు మొదట 10 క్లాసులే, తర్వాత కొందరికి మరికొన్ని. 2002లో ఫలితాలు వచ్చాయి. ఎవరికి ఏది నేర్పారో వాళ్లు అందులో మెరుగయ్యారు, పక్కదానిలో కాలేదు. తర్కం నేర్చినవాళ్లకు జ్ఞాపకం పెరగలేదు, జ్ఞాపకం నేర్చినవాళ్లకు వేగం పెరగలేదు. పదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే తర్కం, వేగం గుంపుల్లో ఆ లాభం కొంత మిగిలింది, జ్ఞాపకశక్తి గుంపులో మిగల్లేదు. మూడు గుంపులవాళ్లూ తమకు రోజువారీ పనుల్లో ఇబ్బంది తక్కువగా ఉందని చెప్పుకున్నారు కానీ, అవే పనులు ఎదురుగా చేయించి చూస్తే తేడా కనబడలేదు.

2010లో ఇంగ్లండులో బీబీసీతో కలిసి ఏడ్రియన్ ఓవెన్ బృందం ఇంకో ప్రయోగం చేసింది. 11,430 మంది ఆరు వారాలు ఆన్‌లైన్‌లో మెదడు ఆటలు ఆడారు. ఆడిన ఆటలో అందరూ ఆరితేరారు. ఆ ఆటకు దగ్గరగా ఉన్న వేరే పరీక్ష పెడితే కూడా లాభం కనిపించలేదు. సుడోకు వేస్తే సుడోకు బాగా వస్తుంది, అంతే. ఎదురింటావిడ పేరు గుర్తు రావడానికి అది పనికిరాదు. 'లుమోసిటీ' కంపెనీ తన ఆటలు వయసుతో వచ్చే మతిమరుపును ఆపుతాయన్నట్టు ప్రకటనలు ఇచ్చుకుంటే, దానికి తగ్గ ఆధారాలు లేవని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు వేసింది. 2016లో ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టి బయటపడింది.

ఒక్క విషయం మాత్రం యాప్‌లవాళ్ల పక్షాన చెప్పాలి. యాక్టివ్ ప్రయోగంలో వేగం నేర్చిన గుంపులో పదేళ్లలో డిమెన్షియా (రోజువారీ పనులు కూడా చేసుకోలేనంతగా ముదిరే మతిమరుపు జబ్బు) రిస్కు 29 శాతం తక్కువగా ఉందని 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. ఆ తర్ఫీదు పద్ధతే వేరు. తెర మధ్యలో ఒక బొమ్మ, అంచున ఇంకో బొమ్మ క్షణంపాటు మెరిసి మాయమవుతాయి, రెండూ పట్టుకోవాలి, పట్టుకున్నకొద్దీ ఇంకా త్వరగా మాయమవుతాయి. పదాల పజిళ్లు అమ్ముతూ ఈ అధ్యయనం పేరు చెప్పుకునే యాప్‌లు ఉన్నాయి, వాటిని నమ్మకండి. అమ్మగారికి సుడోకు సరదా అయితే పేపర్లో వచ్చేది వేసుకోమనండి, ఎవరూ వద్దనరు.

ఇప్పుడు అమ్మగారు హిందీ టీచరు అన్న సంగతికి వస్తాను. దీనికి మన హైదరాబాద్‌లోనే జరిగిన, ప్రపంచమంతా చెప్పుకునే అధ్యయనం ఒకటి ఉంది. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఎడింబరోకు చెందిన థామస్ బాక్‌తో కలిసి విశ్లేషించింది. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో అచ్చయింది. ఒకే భాష మాట్లాడేవాళ్లకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి.

అంతకుముందు కెనడాలోని టొరంటోలో కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు. వలస వచ్చినవాళ్ల ఆరోగ్యం, తిండి, జీవితం అన్నీ వేరు కాబట్టి ఈ ఆలస్యం భాష వల్లా, వలస వల్లా అన్నది తేలలేదు. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిషు మాట్లాడతారు. పైగా బడి ముఖం చూడనివాళ్లు కూడా రెండు భాషలు ధారాళంగా మాట్లాడతారు. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే: చదువు రానివాళ్లను విడిగా తీసి చూసినా రెండు భాషలవాళ్లకు లక్షణాలు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చాయి. అంటే చదువు వల్ల వచ్చిన లాభాన్ని భాష ఖాతాలో రాసుకున్నారని అనడానికి వీల్లేదు. మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల అదనంగా కలిసొచ్చిందేమీ లేదు. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, ఆలోచనా శక్తి దెబ్బతినకుండా బయటపడ్డవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక భాషవాళ్లలో 19.6 శాతం.

దీన్ని చదివి 66 ఏళ్లావిడకు యాప్‌లో స్పానిష్ నేర్పిస్తే నాలుగేళ్లు కలిసొస్తాయనుకోకండి. ఇది క్లినిక్‌కు వచ్చినవాళ్లను చూసి రాసిన లెక్క, మనుషులను రెండు గుంపులు చేసి నేర్పించిన ప్రయోగం కాదు. ఊళ్లోని మామూలు జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు కొన్నిటిలో ఇంత తేడా కనబడలేదు. అదీకాక ఇక్కడ చెప్పుకున్నది జీవితమంతా రోజూ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారుతూ బతికినవాళ్ల గురించి.

దీని వెనకున్న ఆలోచనను పరిశోధకులు కాగ్నిటివ్ రిజర్వ్, అంటే మెదడులో ఉన్న అదనపు నిల్వ, అంటారు. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం ఒక నర్సింగ్ హోమ్‌లో చనిపోయిన 137 మంది వృద్ధుల మెదళ్లను పరీక్షించింది. వాళ్లలో పదిమంది బతికున్నప్పుడు చక్కగా, చురుగ్గా ఉన్నవాళ్లే. తీరా మెదడు తెరిచి చూస్తే అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) గుర్తులు నిండుగా ఉన్నాయి. తర్వాత డేవిడ్ స్నోడన్ అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినుల మీద చేసిన అధ్యయనంలోనూ ఇలాంటివాళ్లు కనిపించారు. మెయిన్ రోడ్డు మూసేసినా సందులన్నీ తెలిసిన ఆటో అతను ఇంటికి చేర్చినట్టు, చదువు, భాషలు, బుర్రకు పని పెట్టే ఉద్యోగం ఉన్నవాళ్ల మెదడు దెబ్బతిన్న భాగాన్ని తప్పించుకుని పని జరుపుకుంటుందని అనుకుంటున్నారు. జబ్బు రాకుండా పోదు, బయటపడడం ఆలస్యమవుతుంది.

అమ్మగారికి ఈ నిల్వ బాగానే ఉండి ఉంటుంది. దానివల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది, దీన్ని కొంచెం జాగ్రత్తగా చదవండి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాళ్లు మా పరీక్షల్లో ఇట్టే నెగ్గేస్తారు. 30కి 27 తెచ్చుకుంటారు, నార్మల్ అని రాసిస్తారు. ఒకప్పటి ఆవిడతో పోలిస్తే అది తగ్గినట్టే కావచ్చు, ఆ సంగతి కాగితం చెప్పదు. ఇలాంటివాళ్లలో జబ్బు బయటపడ్డాక వేగంగా ముదిరే అవకాశం కూడా ఎక్కువ, ఎందుకంటే లోపల అప్పటికే చాలా జరిగిపోయి ఉంటుంది. అందుకే స్కోరు కన్నా ఇంట్లోవాళ్లు గమనించిన మార్పుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పేర్లు తట్టకపోవడం ఆ వయసులో మామూలే. చెప్పిందే అరగంటలో మళ్లీ చెప్పడం మాత్రం రాసిపెట్టుకోవాల్సిన విషయం. లెక్క తప్పని మనిషి పాల లెక్క తప్పుతున్నారా, తెలిసిన దారిలో తికమక పడుతున్నారా, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారా, బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుంటోందా? ఫోన్లో ఇవి తెలియవు. నాలుగు రోజులు వెళ్లి ఆవిడతో ఉండండి.

చెవి గురించి. మా దగ్గరకు ఎక్కువగా వచ్చే ఒక తరహా చెబుతాను. పెద్దాయన కూర్చుంటారు. ఐదు మాటలు చెబుతాం, వెంటనే తిరిగి చెప్పమంటాం, కాసేపాగి మళ్లీ అడుగుతాం. 'గుడి' అంటే ఆయన 'బడి' అంటారు. మూడో మాటకు మన పెదాల వంక చూస్తారు. ఐదో మాటకు నవ్వి ఊరుకుంటారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండే చెబుతారు, పక్కన కొడుకు "చూశారా మేడమ్, ఏదీ గుర్తుండట్లేదు" అంటాడు. గుర్తుండడం సంగతి తర్వాత, అసలు ఆ మాటలు ఆయన చెవిన పడితే కదా! గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటే అదే పెద్దాయన తడుముకోకుండా చిన్న ముల్లు 11 దగ్గర, పెద్ద ముల్లు 2 మీద పెట్టేస్తారు. నిజంగా ఆలోచన దెబ్బతిన్నవాళ్లు చాలామంది పెద్ద ముల్లును 10 అంకె మీద పెడతారు. గడియారం బాగా గీసి, మాటల్లో తప్పితే నేను ముందు ఆడియోగ్రామ్‌కు, అంటే వినికిడి పరీక్షకు, పంపమంటాను.

పరీక్షలో తప్పడం ఒక్కటే కాదు. సరిగా వినబడనివాళ్లు నలుగురిలో కూర్చోవడం మానేస్తారు, మాట తగ్గుతుంది. వినడానికే బుర్ర అంతా పెట్టాల్సి రావడంతో గుర్తుపెట్టుకోవడానికి మిగిలేది తక్కువ. 2024లో వైద్య పత్రిక 'లాన్సెట్' వేసిన కమిషన్ డిమెన్షియాకు మనం మార్చుకోగల 14 కారణాలను లెక్కగట్టింది. అందులో వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్ ముందు వరుసలో ఉన్నాయి. ఈ పద్నాలుగూ లేకుండా చేయగలిగితే 45 శాతం కేసులు రాకుండా లేదా ఆలస్యమయ్యేలా చేయొచ్చని వాళ్ల అంచనా. అది జనాభా మొత్తం మీద వేసిన లెక్క, అమ్మగారి రిస్కు 45 శాతం తగ్గుతుందని కాదు. వినికిడి యంత్రం పెడితే లాభముందా అని అమెరికాలో 'అచీవ్' అనే ప్రయోగంలో 70 నుంచి 84 ఏళ్లున్న 977 మందిని మూడేళ్లు చూశారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం అందరినీ కలిపి చూస్తే తేడా లేదు. గుండె జబ్బు, బీపీ లాంటి రిస్కులు ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం ఆలోచనా శక్తి క్షీణత 48 శాతం నెమ్మదించింది. అమ్మగారికి బీపీ ఉంది కాబట్టే చెవి మాట ఇంతగా చెబుతున్నాను. ఇంతా చేసి లోపల గుబిలి గడ్డకట్టి ఉండొచ్చు కూడా, ఈఎన్‌టీ డాక్టరు పది నిమిషాల్లో తీసేస్తారు. వినికిడి మిషను కొంటే అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారం గోలగా ఉందని బీరువాలో పెట్టేసేవాళ్లే ఎక్కువ, అక్కడే మీరు పక్కన ఉండాలి.

బీపీ మీద 'స్ప్రింట్ మైండ్' అనే ప్రయోగం 2019లో వచ్చింది. బీపీ ఉన్న 9,361 మందిలో సగం మందికి పై అంకె 120 లోపు, మిగతా సగానికి 140 లోపు ఉండేలా మందులిచ్చారు. 120 గుంపులో డిమెన్షియాకు ముందు మెట్టయిన తేలికపాటి మతిమరుపు 19 శాతం తగ్గింది. డిమెన్షియా కూడా తగ్గినట్టే కనిపించింది కానీ గట్టిగా చెప్పేంత తేడా తేలలేదు. మందులతో ఇంత స్పష్టంగా మతిమరుపు తగ్గించి చూపిన ప్రయోగాలు చాలా తక్కువ, అదీ మెడికల్ షాపులో చవగ్గా దొరికే మాత్రలతో. అలాగని 120 కోసం మీరే మాత్ర పెంచకండి. లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతే తుంటి విరుగుతుంది. పొద్దున, సాయంత్రం వారం రోజులు చూసి రాసిన అంకెలు పట్టుకెళ్తే డాక్టరు నిర్ణయిస్తారు. షుగర్, కొలెస్ట్రాల్ కూడా అప్పుడే చూడమనండి.

నడక గురించి అందరూ చెప్పేదే, ఒక్క ఫలితం చెబుతాను. 2011లో ఎరిక్సన్ బృందం 120 మంది వృద్ధులలో సగం మందిని ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నలభై నిమిషాల దాకా నడిపించింది, మిగతావాళ్లతో ఒళ్లు సాగదీసే వ్యాయామం చేయించింది. జ్ఞాపకాలకు కేంద్రమైన హిప్పోక్యాంపస్ నడిచినవాళ్లలో 2 శాతం పెరిగింది, రెండో గుంపులో 1.4 శాతం తగ్గింది. చిన్న ప్రయోగమే, తర్వాత వచ్చినవన్నీ ఇంత స్పష్టంగా లేవు.

ఇవన్నీ కలిపి చేస్తే? ఫిన్లాండ్‌లో మియా కివిపెల్టో బృందం 'ఫింగర్' పేరుతో 60 నుంచి 77 ఏళ్లున్న 1,260 మంది మీద రెండేళ్లు అదే చేసింది: తిండి, వ్యాయామం, మెదడుకు తర్ఫీదు, బీపీ షుగర్ల మీద నిఘా. 2015లో వచ్చిన ఫలితంలో మామూలు సలహాలే అందుకున్నవాళ్లకన్నా జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో వీళ్ల స్కోరు 25 శాతం ఎక్కువ మెరుగైంది. 2025 జులైలో అమెరికాలోని 'పాయింటర్' ప్రయోగం ఫలితాలు 2,111 మంది మీద వచ్చాయి. ఒక గుంపుకు పద్ధతి ప్రకారం మీటింగులు పెట్టి, కోచ్‌లను ఇచ్చి చేయించారు, ఇంకో గుంపుకు చెప్పి వదిలేశారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి, వెంటపడి చేయించిన గుంపు కొంచెం ఎక్కువ. ఏమీ చేయని గుంపు అందులో లేదు, పైగా ఒకే పరీక్ష మళ్లీ మళ్లీ రాస్తే ఎవరి స్కోరైనా కొంత పెరుగుతుంది. అందుకే పేపర్లు రాసినంత గొప్పగా నేను దాన్ని తీసుకోను. నాకు అందులో నచ్చింది వేరే: నలుగురూ కలిసే చోటు, అడిగే మనిషి ఉంటే జనం మానకుండా చేస్తారు. తెనాలిలో ఒక్కరే ఉండే మనిషికి యాప్ నోటిఫికేషన్ కన్నా, పక్కవీధి పిల్లలకు సాయంత్రం హిందీ చెప్పడం నయం. ఎదురుగా మనుషులుంటారు, పేర్లు గుర్తుపెట్టుకోవాలి, తయారు కావాలి, సమయానికి కూర్చోవాలి. దీని మీద ప్రయోగం ఉందని చెప్పను, నా అభిప్రాయం మాత్రమే.

క్యాప్సూల్స్ విషయం త్వరగా తేలిపోతుంది. 75 దాటిన 3,069 మందికి జింకో రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాములు సుమారు ఆరేళ్లు ఇచ్చి చూశారు. 2008లో ఫలితం వచ్చింది, డిమెన్షియా తగ్గలేదు. పైగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు దాంతో ప్రమాదం. సరస్వతి ఆకు, బ్రాహ్మి మీద చిన్న చిన్న ప్రయోగాలు ఉన్నాయి, డిమెన్షియాను ఆపినట్టు చూపిన పెద్ద ప్రయోగం లేదు. పచ్చడి చేసుకు తింటే తప్పులేదు, లేహ్యానికి వేలు పోయకండి. అల్జీమర్స్‌కు వచ్చిన లెకానెమాబ్ లాంటి కొత్త ఇంజెక్షన్ల గురించి కూడా వినే ఉంటారు. పద్దెనిమిది నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసిందంటారు, 18 పాయింట్ల స్కేలు మీద అది అర పాయింటు కూడా కాదు. మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయేమోనని వరసగా ఎంఆర్‌ఐలు తీయాలి. జబ్బు తొలి దశలో ఉందని ఖాయమైనవాళ్లకే. అమ్మగారి విషయంలో ఇప్పుడు అది ఆలోచించాల్సిన పని లేదు.

ఆవిడకు నిజంగా పనికొచ్చే మాత్ర ఏదైనా ఉంటే అది బి12 కావచ్చు, రక్తంలో తక్కువుంటేనే. శాకాహారులు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, గ్యాస్ అని ఏళ్ల తరబడి పరగడుపున పాంటాప్రజోల్ వేసుకునేవాళ్లలో ఇది పడిపోతుంటుంది. థైరాయిడ్ కూడా అంతే. ఈ రెండూ సరిచేస్తే మతిమరుపు తగ్గినవాళ్లు ఉన్నారు. ఒంటరితనం వల్ల దిగులు పట్టుకున్నా అచ్చం మతిమరుపులాగే ఉంటుంది, నిద్ర ఎలా పడుతోందో, గురక ఉందో కూడా కనుక్కోండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. ఎవరో ఎప్పుడో రాసిన నిద్రమాత్ర, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నొప్పులకిచ్చిన అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడం లేదని ఇచ్చే మందుల్లో కొన్ని పెద్దవాళ్లను మతిమరుపు మనుషులుగా చేసేస్తాయి. ఏదీ మీ అంతట మీరు ఆపేయకండి, నిద్రమాత్రలైతే ఒక్కసారిగా అసలే ఆపకూడదు, చూపించి అడగండి. గమనించిన సంఘటనలు తేదీలతో ఒక కాగితం మీద రాసివ్వండి, ఆవిడ ముందు చదవకండి. మార్పు నెలల మీద కాక కొద్ది రోజుల్లోనే వచ్చిందనిపించినా, ఈ మధ్య పడి తలకు దెబ్బ తగిలిందని తెలిసినా, మాట తడబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష), ఆడియోగ్రామ్, వారం బీపీ అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. రిపోర్టు మీద అమ్మగారి పేరు, ఫోన్ నంబరు కనబడకుండా చెరిపేయడం మరిచిపోకండి.